మంచినీళ్ళు తాగి తెరవాల్సిన పుస్తకం

మా ఇంట్లో కొత్త బొమ్మల పుస్తకం కనిపించిందంటే ఏదో ఒకటి మాయం కాబోతోందని లెక్క. ఈ సంగతి కనిపెట్టేటప్పటికి మా అక్క కూతురికి నాలుగేళ్ళు. నాకు ఇరవై ఆరు. అయినా అది చెప్పాకే నాకు తెలిసింది.

మొదట వచ్చింది నీటిగుర్రం పుస్తకం. అందులో నీటిగుర్రం పిల్ల ఒకటి తన పాలసీసాని ఏట్లో వదిలేసి, దానికి చెయ్యి ఊపి, గిన్నెలో పాలు తాగడం మొదలుపెడుతుంది. బొమ్మలు ముద్దొచ్చేలా ఉన్నాయి. పాప మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఆ వారంలోనే దాని పాలసీసా కూడా పోయింది. ఏట్లోకి కాదు, వంటింటి చెత్తబుట్టలోకి. తర్వాత, ఉన్ని కత్తిరిస్తుంటే నవ్వుతూ కూర్చున్న గొర్రెపిల్ల వచ్చింది. వెనకే సెలూన్‌వాడి కత్తెర వచ్చి పాప జుట్టు పోయింది. ఆ తర్వాత, ఏడవకుండా బడికెళ్ళిన పిల్లిపిల్ల. ఖతార్‌లో బడి వారం మొదలయ్యేది ఆదివారం. అది వచ్చిన ఆదివారం పొద్దున్నే గుమ్మం ముందు నర్సరీ వ్యాన్ హారన్ మోగింది.

అక్క పెళ్ళికి ముందు కాకినాడలో చిన్నపిల్లల బళ్ళో టీచరు. పిల్లలకి ఇష్టంలేని పని ఏదైనా సరే, ముందు కథలో చూపించాలి, అప్పుడు అది నిజంగా జరిగినా బెదరరు అన్నది ఆవిడ పద్ధతి. మంచి పద్ధతే. కాకపోతే పాప దాన్ని రెండో చివర పట్టుకుంది. పుస్తకంలో ఉంది కాబట్టే ఇంట్లో జరుగుతోందని తేల్చేసుకుంది. నవ్వాననుకోండి. తర్వాత మా అమ్మ ఏటా ఉగాదినాడు టీవీ ముందు కూర్చుని రాశిఫలాలు వినే తీరు గుర్తొచ్చి, ఇది వంశపారంపర్యమే కదా అని ఊరుకున్నాను.

మేమప్పుడు దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉండేవాళ్ళం. ఒక విల్లాని ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక ముక్క మాది. అద్దె బావ కంపెనీదే. బావ ప్లానింగ్ ఇంజినీరు. నేను ముషైరిబ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే ఒకరిచ్చిన డ్రాయింగులు ఇంకొకరికి పంపి, అందినట్టు ముద్ర వేయించుకుంటాను. ఊళ్ళో మావాళ్ళు నన్ను కూడా ఇంజినీరనే చెప్పుకుంటున్నారు. నేనేమీ ఖండించలేదు. హాల్లో సోఫా నా పడకగది.

ఆ బొమ్మల పుస్తకాలు అక్క కొట్లో కొన్నవి కావు. ఖతార్ వదిలి వెళ్ళిపోయే కుటుంబాలు సామాన్లన్నీ ఫోన్ గ్రూపుల్లో అమ్మకానికి పెడతాయి. సోఫా, గ్రైండరు, పిల్లల సైకిలు, చివర్లో ఒక అట్టపెట్టె నిండా పిల్లల పుస్తకాలు. మావన్నీ అలా వచ్చినవే. అట్ట తిప్పగానే ఎవరో పిల్లాడి పేరు వంకరగా ఉండేది. అది కొట్టేసి దాని కింద ఇంకో పేరు. అదీ కొట్టేసి మరో పేరు. ఏ పేరు తాలూకు మనిషీ ఇప్పుడు ఈ దేశంలో లేడు.

"సమాధుల మీద పేర్లు చదువుతున్నట్టుందే అక్కా," అన్నాను ఒకసారి.

"ఛీ, దీపాలు పెట్టే వేళ ఆ మాటలేంట్రా! నోరా, మూసీ నదా?"

"మూసీ హైదరాబాద్‌లో ఉంది. మనది గోదావరి."

"అదే, అందుకే అంత పొంగుతోంది. వెళ్ళి బట్టలు తియ్యి."

మా ఇంట్లో రెండో శాస్త్రం మా అమ్మది. కాకినాడ నుంచి ఫోన్‌లో వీడియో పెట్టుకుని రోజూ మా గుమ్మానికి కాపలా కాసేది. ఒకరోజు బావ డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులరగా దగ్గర వంగితే పాప, "ఎక్కడికి నాన్నా?" అంది. ఫోన్‌లోంచి అమ్మ కేక పెట్టింది.

"అలా అడక్కూడదే తల్లీ! బయల్దేరే మనిషిని ఎక్కడికీ అని అడిగితే వెళ్ళిన పని అవదు. అల్లుడుగారూ, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు కదలండి."

"సైట్‌లో మీటింగుందండీ అత్తయ్యగారూ."

"అందుకే చెబుతున్నాను."

బావ కూర్చున్నాడు. తాగాడు. వెళ్ళాడు. పాప ఇదంతా కళ్ళార్పకుండా చూసింది. చెడు జరగబోతుంటే ప్రశ్న అడక్కూడదు, నీళ్ళు తాగితే ఆగుతుంది. ఇంత సులువైన మందు దొరికితే ఎవరు వదులుకుంటారు?

ఆ ఎండాకాలం ముదిరేసరికి మా చుట్టుపక్కల ఒక్కొక్కటే ఖాళీ అవడం మొదలైంది. ముందు మా గోడకి అవతలి ముక్క. అందులో ఉండే కేరళవాళ్ళు వెళ్ళిపోయాక కూడా వాళ్ళ ఏసీ కొన్నాళ్ళు ఆగకుండా నడిచింది, ఎవరో ఆపడం మర్చిపోయారు. ఖాళీ గదిని చల్లబరుస్తూ రోజంతా ఒకటే రొద. తర్వాత నర్సరీ వ్యాన్. దాని డ్రైవర్ది జగిత్యాల దగ్గర పల్లె. పాపని ఎక్కిస్తుంటే ఆయన నాతో అన్నాడు:

"ముందుగాల సీట్ల కోసం కొట్టుకునేటోళ్ళు అన్నా ఈ పోరలు. ఇప్పుడు సూడు, ఒక్కొక్కడు కాళ్ళు సాపుకొని పండుతున్నడు. మీరు గూడ పోతున్నరా ఏంది?"

"మేమెక్కడికి పోతాం? మీ వాళ్ళేమంటున్నారు?"

"మా అవ్వనా? దుబాయ్‌ల ఎండలెట్లున్నయి బిడ్డా అంటది. ఖతార్ అని చెప్పి చెప్పి నా నోరు వోయింది. దుబాయ్‌లనే ఉన్న తియ్యి అన్న."

నవ్వి చెయ్యి ఊపాను. వ్యాన్ మలుపు తిరిగేముందు చూస్తే పాప వెనక అద్దంలోంచి నన్నే చూస్తోంది. చెయ్యి మాత్రం ఊపలేదు.

బావ పెందరాళే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. వచ్చినా లోపలికి వచ్చేవాడు కాదు. కారులో ఏసీ వేసుకుని, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పొగ పీల్చే ఫ్యాను వేసి, అక్కతో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. పొయ్యి వెలగకుండా ఆ ఫ్యాను తిరిగే ఇంట్లో ఏదో కాలుతోందని పాపకి కూడా తెలుసు.

ఒక సాయంత్రం బావ నన్ను కారులోకి పిలిచాడు.

"ఏం బావమరిదీ, బెడ్ స్పేస్ వెతుక్కోవాలోయ్, ఏదో ఒక గదిలో మంచమంత చోటు."

"సోఫా అమ్మేస్తున్నారా?"

"ఇల్లే పోతోంది. కంపెనీ ఇక ఫ్యామిలీలకి అద్దె కట్టదట. నేను కంపెనీవాళ్ళ క్యాంప్‌లో గదికి మారతాను. మీ అక్కా, పాపా కాకినాడ."

నాకు వెంటనే ఒక జోక్ తట్టింది. బయటికి రాలేదు.

"పాపకి చెప్పారా?"

"మీ అక్క చెబుతుంది. పుస్తకం వెతుకుతోంది."

అదీ మా ఇంటి వరస. భూకంపం వచ్చినా ముందు దాని మీద బొమ్మల పుస్తకం దొరకాలి.

దొరికింది. వెళ్ళిపోతున్న ఎవరో ఇంట్లోంచి అక్క ఒక ఉడుతల పుస్తకం తెచ్చి టీవీ కింద అరలో పెట్టింది. శుక్రవారం అందరూ ఉన్నప్పుడు తీరిగ్గా చదువుదామనుకుంది. కానీ నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే పాప దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక ఉడుత కుటుంబం చెట్టు మారుతుంది. మూటలు కడతారు, పాత చెట్టుకి చెయ్యి ఊపుతారు, కొత్త చెట్టు చేరతారు. చివరి పేజీలో అమ్మ ఉడుతా పిల్ల ఉడుతా కొమ్మ మీద కూర్చుని కాయలు తింటుంటాయి.

"మామా, నాన్న ఉడుత ఏది?"

చూశాను. నిజమే. మొదటి పేజీలో మీసాలతో ఉన్న నాన్న ఉడుత చివరి పేజీలో లేదు. బొమ్మలేసినాయన మర్చిపోయుండాలి, లేదా కాయలు తేవడానికి పంపి ఉండాలి. అక్క అక్షరాలు చూసి కొంది. ఇంకా అక్షరాలు రాని మా పాప బొమ్మలు చూసింది.

"పార్కింగ్ దొరక్క తిరుగుతూ ఉంటాడు," అన్నాను.

దోహాలో ఏ నాన్న గురించైనా ఇది నమ్మదగిన మాటే. కానీ పాప నవ్వలేదు. మా ఇంట్లో నా జోకులకి ఖాయంగా నవ్వే మనిషి అదొక్కతే. ఆ రోజు నాకు ఒళ్ళు కొంచెం చల్లబడింది. ఏసీ అనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో డ్రాయింగుల కోసం బ్యాగులో చెయ్యి పెడితే, అరిటిపండూ ఛార్జరూ మధ్యలోంచి ఉడుతలు వచ్చాయి. నా పక్క సీటు ఈజిప్షియన్ ఆయన అట్ట చూసి, "కొత్త ప్రాజెక్టా?" అన్నట్టు కనుబొమలెగరేశాడు. అప్పుడే అక్క ఫోన్.

"ఒరేయ్, ఆ ఉడుతల పుస్తకం చూశావా? ఇల్లంతా వెతికాను."

పుస్తకం నా కీబోర్డు మీద ఉంది. ఫోన్‌లో వెనకనుంచి పాప ఊపిరి కూడా వినపడనంత నిశ్శబ్దం. అది అక్కడే నిలబడి ఉందని నాకు తెలుసు.

"ఇంట్లోనే ఎక్కడో ఉంటుందిలే అక్కా."

సాయంత్రం చెప్పులు విప్పుతుంటే పాప నా చెవి దగ్గరికొచ్చింది. "మామా, అది డ్యూటీలోనే ఉంచెయ్. ఇంటికి తేకు. ఎవరూ తెరవకపోతే ఏం అవదు."

సొరుగులో పెట్టి తాళం వేశాను. నా చేతికొచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేయించుకునేవాణ్ణి, ఆ ఒక్కదానికీ వేయించలేదు. ఏం అవదు అన్నప్పుడు దాని మొహం చూసి నాకు కూడా, ఏమో, నిజంగానే అవదేమో అనిపించింది.

అయింది. టిక్కెట్లు వచ్చాయి. కొత్త సూట్‌కేసులు రెండు కొని నా సోఫా వెనక దుప్పటి కప్పి దాచారు. మా ఇంట్లో నాలుగేళ్ళ మనిషికి తెలియకుండా దాచగలిగిన ఒకే ఒక్క చోటు అదని వాళ్ళ నమ్మకం. అది రోజూ దాగుడుమూతలాడే చోటు.

అయినా పాప ఏమీ అడగలేదు. ఎక్కడికి అని అడక్కూడదు కదా. ఇంట్లో ప్రశ్నలన్నీ మానేసింది. ఇదివరకు వ్యాన్ ఎక్కేదాకా ఎందుకు, ఎందుకు అని నా బుర్ర తినే పిల్ల, ఇప్పుడు తన నీళ్ళసీసా పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. ఎవరు చెప్పుల దగ్గరికి వెళ్ళినా మూత తీసి అందించేది.

"ఎందుకమ్మా, నాకు దాహంగా లేదు," అన్నాడు బావ.

"నువ్వు తుమ్మావు."

"నేనా? తుమ్మలేదే!"

"లోపల తుమ్మావు."

బావ తాగాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరం అక్కర్లేకుండానే నీళ్ళు తాగాం. మెట్రోలో ముషైరిబ్ దాకా ఆపుకోలేక నేను పడ్డ బాధ వేరే కథ. నవ్వుకుంటూనే ఉన్నాను కానీ, ఆ పిల్ల మూత తిప్పే శబ్దం వినిపిస్తే చాలు, నాకు ఇంట్లోంచి కాలు బయట పెట్టాలనిపించేది కాదు.

ఒక పొద్దున వ్యాన్ డ్రైవరు ఇంజను ఆపకుండానే నన్ను పక్కకి పిలిచాడు.

"అన్నా, పాప నన్నొక మాట అడిగింది. ఉడుతలు ఇమానం ఎక్కుతయా అని. నేనేం జెప్పాలె?"

"ఎక్కవని చెప్పకపోయారా?"

"చెప్పిన. గట్లయితే మంచిది అన్నది. గప్పట్నించి సప్పుడు లేదు. నాకు గుబులైతంది."

ఆ రాత్రి పాప పడుకున్నాక భోజనాల దగ్గర అక్క చల్లగా చెప్పింది. "పుస్తకం దొరకలేదు. ఇంక ఇప్పుడేం చెప్పొద్దు. అమ్మమ్మ దగ్గరికి సరదాగా వెళ్తున్నామని ఎక్కించేద్దాం. అక్కడికి వెళ్ళాక మెల్లగా చెప్పొచ్చు."

బావ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. సరే అన్నట్టే.

నా కళ్ళ ముందు విమానంలో ఒక సీటు మెదిలింది. దాంట్లో పాప కూర్చుని ఉంది, నీళ్ళసీసా మూత తీసి, వెనక్కి తిరిగి, పార్కింగ్ దొరక్క తిరుగుతున్న మనిషి కోసం చూస్తోంది. ఆ సమాధానం ఇచ్చింది నేనే కదా. మర్నాడు సొరుగు తాళం తీశాను.

శుక్రవారం మధ్యాహ్నం. బయట దుమ్ము లేచి కిటికీ పసుపు నీళ్ళతో కడిగినట్టుంది. బావ మసీదు దగ్గర ట్రాఫిక్ తగ్గాక సరుకులు తెచ్చి కూర్చున్నాడు. నేను బ్యాగులోంచి పుస్తకం తీసి నేల మీద పెట్టాను.

అక్క నన్ను చూసింది. "నీ దగ్గరుందా! ఒరేయ్, నిన్నూ..."

పాప కూడా నన్ను చూసింది. అక్క తిట్లు నాకు అలవాటే. ఆ చూపు మాత్రం అలవాటు లేదు. ఏడుస్తుందనుకున్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసులు ఒక్కొక్కటే తెచ్చి, సగం నేల మీద ఒలకబోస్తూ, మా ముగ్గురి ముందూ పెట్టింది. తనకొకటి. అందరం తాగేదాకా పుస్తకం మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. నేను చాలా పెళ్ళిళ్ళు చూశాను, రెండు గృహప్రవేశాలు చూశాను, ఇంత నిష్ఠగా నీళ్ళు తాగడం ఎక్కడా చూడలేదు.

"నాన్న చదవాలి," అంది.

బావ ఎప్పుడూ చదివేవాడు కాదు. అది అక్క శాఖ. కళ్ళజోడు పెట్టుకుని, సైట్ రిపోర్టు చదివినట్టు చదివాడు. మూటలు కట్టారు. చెయ్యి ఊపారు. కొత్త చెట్టు. చివరి పేజీ.

"నాన్న ఉడుత ఏది?"

అక్క అప్పుడు చూసింది ఆ బొమ్మని, మొదటిసారి. "పని మీద వెళ్ళుంటుందమ్మా," అంది గబగబా.

"ఎక్కడికి?"

"అలా అడక్కూడ..." అని అక్క నోట్లోంచి దానంతటదే వచ్చేసి, మధ్యలో ఆగిపోయింది.

బావ కళ్ళజోడు తీశాడు. "ఎక్కడికీ వెళ్ళలేదు తల్లీ. అమ్మ ఉడుతా పిల్ల ఉడుతా వెళ్ళాయి. నాన్న ఉడుత పాత చెట్టు దగ్గరే ఉండిపోయింది. పనుంది."

"మనమా?"

"మనమే. నువ్వూ అమ్మా కాకినాడలో ఉంటారు. నేను ఇక్కడుంటాను."

"ఎప్పటిదాకా?"

"తెలీదు."

ప్లానింగ్ ఇంజినీరు నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. వాళ్ళ చార్టుల్లో అలాంటి గడి ఉండదు.

అప్పుడు ఏడ్చింది. పుస్తకంలో పిల్లలు ఏడ్చినట్టు ఒక చుక్క కాదు. నేల మీద పడి, గ్లాసు తన్ని, బావని గుద్ది, నీళ్ళు పని చెయ్యలేదని, అమ్మమ్మ అబద్ధం చెప్పిందని, మామ అబద్ధం చెప్పాడని అరుస్తూ ఏడ్చింది. అన్నీ నిజాలే. చెప్పడానికి నా దగ్గర జోకులు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు.

అలిసిపోయాక ఎక్కిళ్ళు పెడుతూ మళ్ళీ పుస్తకం లాక్కుని చివరి పేజీ మీద పడుకుంది. కాసేపటికి దాని వేలు ఒక మూల ఆగింది. దూరంగా, కొండ అవతల, గోటంత పాత చెట్టు. దాని తొర్రలో నీలం సిరా చుక్క. పెన్ను కక్కిందని నేను పట్టించుకోలేదు.

"తోకుంది," అంది.

బావ ఫోన్ లైటు వేశాడు. ఉంది. చుక్కకి తోక, రెండు చెవులు, అటూ ఇటూ గీతలంత మీసాలు. అట్ట వెనక కొట్టేసి ఉన్న పేర్లలో ఎవరో ఒకరు, మనకంటే ముందు ఇదే పుస్తకం మీద ఇలాగే పడుకుని వెతికి, దొరక్క, తనే గీసుకున్నారు. ఆ పిల్లాడో పిల్లో ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో, ఆ నాన్న ఇంకా ఇక్కడే ఏ క్యాంప్‌లో ఉన్నాడో.

"మామ ఏ చెట్టు?" అని అడిగింది పాప.

"ఉమ్ ఘువైలినా అనే పేటలో చెట్టు. ఒక తొర్రలో ఆరుగురం. ఒకడు గురక పెడతాట్ట."

"నువ్వే," అంది. నవ్వలేదు గాని, అంది.

వెళ్ళే ముందు వారం మా సామాను అమ్మకానికి పెట్టాం. నా సోఫాని ఎవరో బేరమాడి పట్టుకుపోతుంటే నా పడకగదికి నేనే ఒక చెయ్యి వేసి సాయం పట్టాను. పుస్తకాల పెట్టె కోసం ఒక హైదరాబాద్ ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల మా పాప ఈడుదే. ఆవిడ చెప్పులు విప్పుతూ, "ఎక్కడికండీ, వెళ్ళిపోతున్నారు?" అంది మామూలుగా.

అక్క బిగుసుకుంది. పాప ముందుకొచ్చింది.

"కాకినాడకి. నేనూ అమ్మా. నాన్న ఇక్కడే."

ఆవిడ నవ్వుతున్న మొహం అలాగే ఉండిపోయింది. కూతురి భుజం మీది చెయ్యి కొంచెం బిగిసింది. వాళ్ళాయనది ఏ కంపెనీయో మేం అడగలేదు.

ఆ పిల్ల అప్పటికే పెట్టెలో చెయ్యి పెట్టి ఉడుతల పుస్తకం లాగింది. మా పాప దాన్ని పట్టుకుని ఆపింది. ఇవ్వనంటుందేమో అనుకున్నాను. కాదు. గుమ్మం దగ్గరికెళ్ళి తన సీసా తెచ్చి, మూత తీసి పట్టుకుంది.

"ముందు ఇది తాగు. ఆగదు. అయినా తాగు. తాగాక చివరి పేజీలో చెట్టు చూడు."

ఆ పిల్ల మా అందరి మొహాలూ చూసింది. ఎందుకని అడగలేదు. రెండు చేతులతో సీసా పట్టుకుని తాగింది.